తలుపుకు అడ్డంగా వేసిన మంచం

మా మామగారు మొన్న తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. మా సంఘంలో చావుకు వాడే మాట అది. చర్చిలో అయ్యగారు అలాగే ప్రకటించారు, బంధువులకు మేమూ అలాగే కబురు చేశాం. నాకు మాత్రం ఆ మాట ఆయనకు అతకలేదనిపించింది. పిల్లి గోడ దూకితే లేచి కూర్చునే మనిషి ఆయన. వంటింట్లో గిన్నె జారితే “ఎవరమ్మా అది?” అని వసారాలోంచి కేకేసేవారు. అలాంటాయన చుట్టూ ఇంతమంది ఏడుస్తున్నా కదలకుండా పడుకున్నారు. అయితే నిజంగానే ఆయన భయం తీరిపోయిందన్నమాట అనుకున్నాను. అలా అనుకున్నాకనే నాకు ఏడుపొచ్చింది.

మనిషి పోగానే లేని గొప్పలన్నీ అంటగట్టడం మనకు అలవాటు. నేను ఆ పని చేయబోవడం లేదు. మా మామగారు పిరికివారు. ఈ మాట రాయడానికి ఆయన కోడలిగా నాకు సంకోచమేమీ లేదు, ఎందుకంటే ఈ మాట అందరికంటే ముందు ఆయనే చెప్పుకునేవారు.

కోస్తా నుంచి వయసులో ఉండగానే సికింద్రాబాదు వచ్చి, ఇక్కడి మిషను బడిలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఊరి రోడ్డు దాటడం ఆయనకు అలవాటు కాలేదు. దూరంగా జట్కా కనబడితే చాలు, అది తాపీగా వచ్చి, దాటి, మలుపు తిరిగేదాకా గొడుగు పట్టుకుని నిలబడిపోయేవారు. ఎండాకాలంలోనూ గొడుగే. రైలెక్కాలంటే ఆ రైలుకు ముందు వెళ్ళే రైలు కూడా ఇంకా రాకముందే స్టేషన్లో ఉండాలి. తలుపు గడియ తానే వేసి, పడక మీదికి వెళ్ళి, “గడియ వేశావా అమ్మా?” అని నన్ను అడిగేవారు. “మీరే వేశారు మామయ్యగారూ” అంటే, “అందుకే అడుగుతున్నా” అనేవారు. చర్చిలో ఆయన కూర్చునేది ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన. ప్రార్థన చేయమంటే గొంతు వణికేది.

అలాంటి మనిషి చేతిలో మా ఆదివారపు బడి ఉండేది. పిల్లలకు ఆయన ఎక్కువగా చెప్పింది గొర్రెల కథలే. బోధకులందరూ కాపరి గురించి చెబుతారు, ఆయన ప్రేమ, ఆయన దుడ్డుకర్ర, ఆయన ధైర్యం. మా మామగారు గొర్రె వైపు నుంచి చెప్పేవారు. బడి గోడకు ఒక పటం ఉండేది. కాపరి భుజాల మీద పిల్లనెత్తుకుని ముందు నడుస్తుంటాడు, వెనకాల మంద వస్తుంటుంది. పిల్లలు కాపరిని చూసేవాళ్ళు. ఆయన వేలు మాత్రం పటం చివరకు పోయేది. అక్కడ ఒక గొర్రె మందతో పాటు నడుస్తూనే మెడ తిప్పి వెనక్కి చూస్తుంటుంది.

“అది నేనర్రా. వెనక ఏముందో అని దాని దిగులు. అయినా నడక ఆపలేదు చూశారా?” అనేవారు.

భయపడ్డందుకు ఏ పిల్లనూ ఆయన కోప్పడలేదు. “గొర్రెకు కొమ్ముల బలం లేదు, పరుగు లేదు, కోరలు లేవు. దానికున్నది భయం ఒక్కటే. కాపరి దాన్ని ధైర్యంగా ఉండమని తిట్టడు. దగ్గరికి రమ్మంటాడు, అంతే.” ఈ మాట మా వీధి పిల్లలందరికీ కంఠతా వచ్చు.

తప్పిపోయిన గొర్రె కథ వచ్చినప్పుడు ఎవరో ఒక పిల్లవాడు తప్పకుండా అడిగేవాడు, కాపరి ఒక్కదాని కోసం వెళ్ళిపోతే మిగతా తొంభై తొమ్మిదింటి గతేమిటని. ఆయన ప్రతిసారీ ఆ ప్రశ్న మొదటిసారి విన్నట్టే ఆలోచించి చెప్పేవారు. “వాటికి ఒకదానికొకటి తోడుంది. ఒంటరిదానికి ఎవరున్నారు?”

ఇంకో సంగతి కూడా చెప్పేవారు. ఆ దేశంలో గొర్రెల దొడ్డికి చుట్టూ రాతి గోడే గాని తలుపు ఉండదట. సాయంత్రం మందను లోపలికి తోలాక, ఆ సందులో కాపరే అడ్డంగా పడుకుంటాడట. తోడేలైనా దొంగైనా ఆయన్ని దాటే రావాలి. “కాపరే తలుపన్నమాట” అని, పుస్తకం మూసేవారు. ఆ పాఠం నేనూ చాలాసార్లు విన్నాను. అందులో నాకు పనికొచ్చేది ఏదో ఉందని అప్పట్లో అనుకోలేదు.

పోలీసు చర్యకు ముందు నెలలు ఎలా గడిచాయో, అప్పుడీ ఊళ్ళో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. రోజుకో పుకారు. రజాకార్లు ఫలానా ఊరి మీద పడ్డారని ఒకరు, రేపు మన వీధికే వస్తారట అని ఇంకొకరు. కోస్తా వైపు బంధువులున్న మా సంఘం వాళ్ళు చాలామంది బెజవాడ రైలెక్కేశారు. మేము వెళ్ళలేకపోయాం. మావారు రైల్వేలో, కాజీపేట డ్యూటీలో ఉన్నారు. అత్తగారు అంతకుముందే పోయారు. ఇంట్లో మామగారు, నేను, నా చంకలో పాలు తాగే పిల్ల.

ఆ రోజుల్లోనే ఆయన తన నవారు మంచాన్ని ముందు గదిలోంచి లాక్కొచ్చి, వసారాలో వీధి తలుపుకు అడ్డంగా వేసుకున్నారు. మా చర్చికి వచ్చే ఆసుపత్రి కాంపౌండరుగారు ఈ ఊరివారు, వేళాకోళం మనిషి. పొద్దున్నే అటుగా పోతూ చూసి ఆగారు.

“ఏం పంతులుగారూ, ఏమన్నయితే అందరికంటే ముందుగల్ల ఉరకాలని తలుపుకాడనే మంచమేసిన్రా?”

“అంతేనండీ. మీరు భలే కనిపెట్టారు” అన్నారు మామగారు, చాలా సీరియస్‌గా.

వీధంతా నవ్వింది. నేనూ అదే అనుకున్నాను. నాకు పట్టుకున్న బాధ వేరే. తెల్లారేసరికి నేను కుళాయికి వెళ్ళాలి, పాలకు వెళ్ళాలి. తలుపు తెరిస్తే గుమ్మం ఈ చివర నుంచి ఆ చివరకు మామగారు. పడుకున్న మనిషినే దాటకూడదంటారు, అందులోనూ కోడలు మామగారిని దాటడమా! బిందె పట్టుకుని లోపల నిలబడిపోయేదాన్ని. నా గాజుల చప్పుడుకే ఆయనకు మెలకువ వచ్చేది. చటుక్కున మోకాళ్ళు ముడుచుకునేవారు. మంచం చివర జానెడు జాగా ఖాళీ అయ్యేది. ఆ కాళ్ళ వైపు నుంచి, ఖాళీ నవారు మీదుగా కాలెత్తి బయటపడేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అదే తంతు. దేశమంతా ఏమవుతుందోనని గుండెలు చేత్తో పట్టుకున్న రోజుల్లో, మా ఇంట్లో నీళ్ళ బిందెతో ఈ విన్యాసం.

ఆఖరికి ఆ వారం వచ్చింది. యాప్రాల్ వైపు ఆకాశంలో విమానాల చప్పుడు మొదలైంది. ఆ మోత వినబడ్డప్పుడల్లా మామగారు మంచం కోళ్ళు పట్టుకునేవారు. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకునేవారు. అది వణికిపోతున్న ఆయన ఒళ్ళో ఉయ్యాలనుకుని నిద్రపోయేది. కాజీపేట నుంచి కబురు లేదు. రైళ్ళు ఆగిపోయాయన్నారు. మావారు బతికున్నారో లేదో తెలియకుండా అన్నం కలుపుకుని తిన్న రోజులవి. తిన్నానని కూడా చెప్పలేను.

రేడియోలో నిజాం లొంగుబాటు మాట వినబడ్డాక వీధికి ఊపిరొచ్చింది. మరునాడు మిలిటరీ ట్రక్కులు ఊళ్ళోకి వచ్చాయి. జనం దండలు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తారు. కాంపౌండరుగారు మిఠాయి పంచారు. నేను కూడా పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి నవ్వాను. ఇక భయం లేదు, మామగారి మంచం లోపలికి పోతుంది, నా బిందె కష్టాలు తీరతాయి అనుకున్నాను.

మంచం కదిలింది. కానీ లోపలికి కాదు, వీధిలోకి.

“మామయ్యగారూ, ఎక్కడికి?” అన్నాను.

ఆయన జవాబు చెప్పకుండా మంచాన్ని ఈడ్చుకుంటూ వీధి దాటారు. జట్కా వస్తోందా అని రెండు పక్కలా చూసుకుని మరీ దాటారు. ఎదురింట్లో దర్జీ సాబు ఉండేవారు. మామగారి కోట్లన్నీ ఆయన కుట్టినవే. ముసలి తల్లి, భార్య, ఎదిగిన ఇద్దరు ఆడపిల్లలతో ఉండేవారు. ట్రక్కులు వచ్చిన పొద్దుటి నుంచి వాళ్ళ తలుపు తెరుచుకోలేదు. పొద్దంతా ఆడే కుట్టుమిషను ఆ రోజు ఆడలేదు. మా సంతోషంలో మేమెవరమూ అది గమనించలేదు. మామగారు ఆ మూసిన తలుపు ముందు, వాళ్ళ అరుగు మీద, అడ్డంగా మంచం వేసి కూర్చున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధి దాటి వెళ్ళి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అడిగాను. “ఇంట్లో నేనూ పసిపిల్లా. ఆయన ఇంకా ఇల్లు చేరలేదు. మన తలుపు వదిలేసి ఇక్కడెందుకు?”

“మన తలుపుకు ఇప్పుడు భయం లేదమ్మా” అన్నారు.

“ఈ ఊరంతటికీ లేదుగా! అందరూ దండలు పట్టుకుని తిరుగుతుంటే.”

“భయం ఊళ్ళోనే ఉందమ్మా. ఇల్లు మారింది.”

“మీరేం కాపరా, అందరి దొడ్లకూ అడ్డం పడుకోవడానికి?” అన్నాను. కోపంలో ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పాను. “మరి ఆ తొంభై తొమ్మిదింటి గతేమిటి మామయ్యగారూ?”

ఆదివారపు బడి పిల్లలకు చెప్పే జవాబే నాకూ వస్తుందనుకున్నాను. ఆయన తల వంచుకున్నారు. “నేను కాపరిని కాదమ్మా, గొర్రెనే. అడ్డం పడుకోవడం గొర్రెకు కూడా చేతనవుతుంది గదా” అన్నారు. చేతులు రెండూ కనబడకుండా దుప్పటి కింద పెట్టుకున్నారు. నేను ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. వీధి చివర గోల వినబడింది. పదిమందో పదిహేనుమందో కుర్రాళ్ళు జేజేలు కొడుతూ వచ్చారు. పొద్దుట నుంచి ఊరంతా అలాంటి గుంపులే, కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ వాళ్ళు దర్జీ సాబు ఇంటి ముందు ఆగారు, జేజేలు ఆపేశారు. ముందున్నవాడు మేము రోజూ పాలు తెచ్చుకునే దుకాణం వాళ్ళ పెద్దబ్బాయి. వాడి చేతిలో కర్ర ఉంది. మా ఇంటి తలుపు సందులోంచి నాకు అన్నీ కనబడుతున్నాయి, అన్నీ వినబడుతున్నాయి.

వాళ్ళను చూడగానే మామగారు లేస్తారనుకున్నాను. ఆయన పడుకున్నారు. వెల్లకిలా, కాళ్ళు రెండూ బారజాపుకుని.

“పంతులూ, ఏందీ గిట్ల అడ్డంగ పండుకున్నవ్? జెర జరుగు. నీతోని మాకేం లేదు” అన్నాడు పాలబ్బాయి.

“లేవలేను నాయనా. భయంగా ఉంది. కాళ్ళు రావడం లేదు.”

“భయమైతే ఇంటికి పో. నీ ఇల్లు ఎదురుంగనే ఉన్నది గద.”

“అంత దూరం నడవలేను. మీకు తప్పదనుకుంటే నన్ను దాటి వెళ్ళండి. నేనేమీ అనుకోను.”

ఆ మాట ఆయన దబాయింపుగా అనలేదు. బతిమాలుతున్నట్టే అన్నారు. ఒక కుర్రాడు అరుగెక్కి కాలెత్తాడు. ఎత్తిన కాలు మామగారి కడుపు మీదుగా పోవాలి. వెనక నుంచి కొంచెం వయసు మళ్ళినవాడొకడు అరిచాడు.

“అరే, పెద్దమనిషిని దాటుతవారా? మీ అయ్యను దాటినట్టే గద! పాపం తగుల్తది.”

ఎత్తిన కాలు దిగింది. “అయితే మంచంతోనే ఎత్తి పక్కకు పెడ్దాం. నలుగురు రాండ్రి” అన్నాడు పాలబ్బాయి.

“పాణమున్న మనిషిని మంచం మీద నలుగురు మోస్తరా? పాడె అనుకున్నవా ఏంది?” అన్నాడు ఆ పెద్దవాడే.

ఆ మాటకు ముందుకొచ్చిన వాళ్ళు మెల్లిగా వెనక్కి తగ్గారు. కర్రలున్నాయి, కోపముంది, తలుపు అంత గట్టిదీ కాదు. మధ్యలో ఒక ముసలాయన, దాటడానికి వీల్లేదు, మోయడానికి వీల్లేదు. ఇంట్లో చిన్నప్పటి నుంచి తల్లులు చెప్పిన మాట, ఆ గుంపులో ఎవడూ జవదాటలేకపోయాడు. మామగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి. కాళ్ళు మాత్రం ముడుచుకోలేదు. రోజూ నా గాజుల చప్పుడుకే ముడుచుకునే కాళ్ళవి.

“సరే, రేపొస్తం. రేపు గీడ కనవడకు పంతులూ” అన్నాడు పాలబ్బాయి చివరికి.

“రేపు కూడా ఇక్కడే ఉంటాను నాయనా. రేపు కూడా భయపడుతూనే ఉంటాను” అన్నారు మామగారు కళ్ళు తెరవకుండానే.

వాళ్ళు వెళ్ళాక పరుగెత్తుకెళ్ళాను. ఆయన పంచె చెమటతో తడిసిపోయింది. మంచినీళ్ళు తాగించబోతే పళ్ళు గ్లాసుకు కొట్టుకున్నాయి. “భలే నటించారు మామయ్యగారూ” అన్నాను ఏడుస్తూ నవ్వుతూ. ఆయన నావంక అదోలా చూశారు. “నటన ఏముందమ్మా? కాళ్ళు నిజంగానే రాలేదు” అన్నారు.

రేపొస్తామన్నవాళ్ళు మరునాడు రాలేదు. కానీ వస్తారేమో అన్న దిగులు ఆ మరునాడూ ఉంది, ఆ తరువాతా ఉంది. నేరేడ్‌మెట్ వైపు నుంచి ట్రక్కు చప్పుడు వినబడినా, ఎవరో పిల్లలు ఆటల్లో అరిచినా మా రెండిళ్ళూ ఉలిక్కిపడేవి. ఆయనకు అన్నం అక్కడికే తీసుకువెళ్ళేదాన్ని. తలుపు ఒక రెక్క కాస్త తెరుచుకుని, లోపలి నుంచి దర్జీ సాబు తల్లి ఛాయ్ అందించేది. ఆ కప్పు చేతులు మారేసరికి సగం ఛాయ్ సాసర్లోనే. మా కాంపౌండరుగారు ఒక రోజు వచ్చి చాలాసేపు ఊరికే నిలబడ్డారు. వేళాకోళం ఏమీ చేయలేదు. మరునాడు తన కుర్చీ తెచ్చుకుని, పేపరు చదువుకుంటూ ఆ అరుగు పక్కనే కూర్చున్నారు.

ఒక పొద్దున మూసిన తలుపు వెనక కుట్టుమిషను ఆడింది. ముందు ఆగి ఆగి, తరువాత గడగడా. మామగారు కాసేపు విని, లేచి, మంచం ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేశారు. ఆ వారంలోనే మావారు కాజీపేట నుంచి నడిచీ, ఎడ్లబండెక్కీ, గూడ్సు బండెక్కీ ఇల్లు చేరారు. గడ్డం పెరిగిన ఆ ముఖాన్ని మామగారే ముందు గుర్తుపట్టారు, ఎందుకంటే తలుపు దగ్గర ఉన్నది ఆయనే.

ఆ తరువాత మంచం మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఆ వసారాలోనే, మా తలుపుకు అడ్డంగానే, చివరి రోజు వరకూ ఉండిపోయింది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆయన కాళ్ళు ముడుచుకునేదాకా ఆగడం మా ఇంటి ఆచారమైపోయింది. సాయంత్రం పని కట్టేశాక దర్జీ సాబు కబుర్లకు వచ్చేవారు. ఆయన్ని చూడగానే మామగారు కావాలనే కాళ్ళు ఇంకాస్త బారజాపేవారు. ఎప్పుడూ ఎవరితోనూ పరాచికాలాడని మనిషికి అదొక్కటే పరాచికం.

“దాటి రండి సాబ్, ఫరవాలేదు.”

“తౌబా, తౌబా! మిమ్మల్ని దాటుతనా పంతులుగారూ? మీరు కాళ్ళు తీస్తేనే వస్త” అనేవారు సాబు. తీసేదాకా అక్కడే నిలబడేవారు.

ఇప్పుడు మళ్ళీ ఊళ్ళో, కోస్తా జిల్లాలతో కలిపి రాష్ట్రం మార్చేస్తారని మాటలు. ఎవరు ఈ ఊరివాళ్ళు, ఎవరు కారు అని లెక్కలు తీస్తున్నారు. పాల దుకాణంలో కూడా ఆ మాటలే. వింటుంటే నాకు పాత దిగులే పట్టుకుంటోంది. ఈసారి భయం ఏ ఇంటికి మారుతుందో తెలియదు. నాకు మామగారి భక్తి రాలేదు గాని, ఆయన భయం మాత్రం బాగానే వచ్చింది. ఆయన ఉంటే, భయపడటానికి సిగ్గుపడకమ్మా అనేవారు. ఆయన లేకుండా ఈ మాట నాకు నేనే చెప్పుకోవలసి వస్తోంది.

పోయిన రోజు ఆయన్ని ముందు గదిలో పెట్టెలో ఉంచాం. వసారాలో జనం మసలడానికి అడ్డమని ఎవరో మంచం తీసి పెరట్లో గోడకు నిలబెట్టారు. ఇన్నేళ్ళలో మొదటిసారి మా గుమ్మం ఖాళీగా ఉంది. సంఘమంతా వస్తోంది, పోతోంది. ఒకరి భుజాలు ఒకరికి తగులుతున్నాయి. దర్జీ సాబు వీధి దాటి వచ్చారు. ఆయనా ఇప్పుడు ముసలివారే. గుమ్మం ముందుకు వచ్చి ఆగిపోయారు.

“రండి సాబ్, లోపలికి రండి” అన్నాను.

“వస్తనమ్మా. జెర ఆగు” అన్నారు.

జనం ఆయన్ని తప్పించుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. ఆయన గుమ్మం వంక చూస్తూ, రోజూ సాయంత్రం నిలబడినంతసేపూ నిలబడ్డారు. తరువాత ఒక పక్కకు, కాళ్ళ వైపుకు జరిగి, గోడ పట్టుకుని, లేని మంచం మీదుగా మెల్లగా కాలెత్తి లోపలికి వచ్చారు.